పైకప్పు నీళ్లు ఎవరి జిమ్మ?

అంజయ్య పటేలుకు లేదనడం రాదు. ఇదేదో గొప్పకు చెప్పే మాట కాదు, ఉన్న మాట. ఎవరొచ్చి ఏం అడిగినా ముందు తలకాయ ఊపేవాడు, తర్వాత "నా జిమ్మ" అనేవాడు, వాళ్లు అడిగిందేమిటో ఆ తర్వాతెప్పుడో ఆలోచించేవాడు. మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో ఆ మాటకు ఒకప్పుడు మహా విలువుండేది. పటేలు జిమ్మ అన్నాడంటే పూచీ పడ్డట్టే. ఇక కాగితం అక్కర్లేదు, సాక్షి అక్కర్లేదు. పిల్లనిచ్చేవాళ్లు ఆయన్ను అడిగే ఇచ్చేవారు, ఎడ్లు కొనేవాళ్లు ఆయన్ను పక్కన నిలబెట్టుకొనే కొనేవారు. మరి ఇన్ని జిమ్మలు మోసిందెవరయ్యా అంటే, ఆ సంగతి ఊళ్లో ఎవరూ అడగలేదు. ఆయనకూ ఎన్నడూ తోచలేదు.

తొంభైల్లో ఆ దారి పొడుగునా అంగూరు తోటలే, ద్రాక్ష పందిళ్లే. అంజయ్యకూ ఒక తోట ఉండేది. పేరుకే ఆయనది. తీగ కత్తిరించడం, పందిరికి కట్టడం, పురుగు చూడడం, గుత్తి తెంపడం అన్నీ భార్య జయమ్మ చేతిమీదే నడిచేవి. ఒక ఎండాకాలం పక్క తోట లింగం వచ్చి గట్టుమీద కూలబడ్డాడు.

"పటేలా, నా బోరు ఆగిపోయింది. పందిరి ఎండిపోతాంది. ఇగ నేను మునిగిన" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"ఏడ్వకురా. నీ తోటకు నీళ్లు నా జిమ్మ, పో" అన్నాడు అంజయ్య.

ఉన్న ఒక్క బోరు రెండు తోటలకు ఎక్కడ సరిపోతుంది? సగం నీళ్లు అటు తిప్పాడు. నీళ్లు అందని తమ సగం తోటకు జయమ్మ పాత బావిలోంచి చేది మోసింది. నెత్తిమీద ఒక బిందె, చంకలో ఒక బిందె. లింగం తోట ఆ ఏడు విరగకాసింది. జయమ్మ తోటలో సగం ఎండిపోయింది. పటేలంటే పటేలేనని ఊరంతా మెచ్చుకుంటుంటే, ఆమె మెడ పట్టేసి, వేడి ఉప్పు మూటతో కాపడం పెట్టుకుంటూ మంచంలో పడి ఉంది. "ఏమైంది?" అని అంజయ్య అడిగాడు. "ఏం గాలె" అందామె. ఆయన నమ్మి వెళ్లిపోయాడు. అదీ వరస!

రెండు మూడేళ్లకు ఆయన బోరు కూడా అడుగంటింది. తోటలు పోయాయి, రోడ్డు పక్క భూములకు గిరాకీ వచ్చింది. ఒక బిల్డరు వచ్చి భూమి ఇస్తే అపార్టుమెంటు కట్టి కొన్ని ఇళ్లు మీకిస్తానన్నాడు. అంజయ్య అప్పటికే తల ఊపేశాడు. ఆ రోజు జయమ్మ తన జన్మలో మొదటిసారి నోరు తెరిచి ఒకటి అడిగింది.

"నాకు కింది ఇల్లే గావాలె. ఎనక జరంత మట్టిజాగ ఉండాలె. ఇంకేం అడుగ."

అలాగే వెనకవైపు కింది ఇల్లు వాళ్లకు దక్కింది. పాత తోటలోంచి తెచ్చిన తీగ ముక్కను ఆమె ఆ జానెడు మట్టిలో నాటింది. అది బతికింది, కిటికీ మీదుగా పాకి పందిరెక్కింది. బిల్డరు ఏదో ఇంగ్లీషు పేరు బోర్డుమీద రాయించాడుగానీ, మేడ్చల్ ఆటోవాళ్లకు అది అంగూరుతోట అపార్టుమెంటే.

ఇళ్లు కొన్నవాళ్లు బిల్డరును చూసి కొనలేదు, పటేలును చూసి కొన్నారు. శేషారత్నమైతే ఆ సంగతి మొహం మీదే చెప్పింది. ఆవిడ రిటైరైన నర్సు. తెనాలి వైపు మనిషి, ఉద్యోగమంతా ఈ చుట్టుపక్కల ఊళ్లలోనే చేసింది, పెళ్లి చేసుకోలేదు. మొదటి అంతస్తులో ఇల్లు చూసుకొని, డబ్బు కట్టేముందు అంజయ్య దగ్గరకు వచ్చింది.

"అన్నయ్యగారూ, నేను ఒంటరిదాన్ని. రేపు పైపు పగిలినా, గోడ చెమ్మెక్కినా ఎవర్ని అడగాలి?"

"నన్నడుగు చెల్లె. నీ ఇల్లు నా జిమ్మ" అని ఆవిడ చేతిలో చెయ్యి వేశాడు.

బిల్డరు పక్కనే నిలబడి నవ్వాడు. ఎందుకు నవ్వడు? చివరి ఇల్లు అమ్ముడుపోగానే అతని ఫోను నంబరు మారిపోయింది. అతనూ జాడ లేకుండా పోయాడు.

శేషారత్నం ఇంటి మీద, రెండో అంతస్తులో, అభిలాష్, సుస్మిత అనే జంట దిగారు. అతనిది కుత్బుల్లాపూర్ అవతల మందుల కంపెనీలో ఉద్యోగం. ఆమె కండ్లకోయలో ఒక ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెప్పేది, పొద్దున్నే కాలేజీ బస్సెక్కేది. చదువుకున్న పిల్లలు, మంచి పిల్లలు. కానీ సుస్మితకు కడుపు నిలవలేదు. ఒకసారి కాదు, రెండుసార్లు. డాక్టర్లు కారణం చెప్పలేకపోయారు, వాస్తు చూసే ఆయన మాత్రం గుమ్మంలో అడుగుపెట్టీ పెట్టకముందే చెప్పేశాడు. ఈశాన్యం మూల బాత్రూం ఉందట, దాన్ని అక్కడినుంచి తీసేసి వాయవ్యంలో కట్టుకొమ్మన్నాడు. బిల్డరు కట్టిన బాత్రూంలన్నీ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. జరిపితే అది శేషారత్నం పడకగది నెత్తిమీదకు వస్తుంది. మొగుడూ పెళ్లాలిద్దరూ వచ్చి జయమ్మ తీగ కింద కూర్చున్నారు. సుస్మిత ఏడుస్తూనే ఉంది.

ఏడిచే ఆడపిల్లను చూసి అంజయ్య గుండె కరిగిపోయింది. "జరుపుకోండ్రి బిడ్డా. ఎవలేమన్నా నా జిమ్మ" అన్నాడు.

జయమ్మ లోపలినుంచే అంది: "కింది శేషక్కనొక్క మాట అడుగుండ్రి."

"నేను చెప్త తియ్యి" అన్నాడాయన. చెప్పలేదు. దాచాలని కాదు, మర్చిపోయాడు. మరునాడు ఇంకెవరికో ఇంకేదో జిమ్మ పడ్డాడు.

బాత్రూం జరిగింది. ఏడాది తిరక్కుండా పాప పుట్టింది, పేరు అశ్రిత. ఇక వాస్తాయన మాట వాళ్లకు వేదమైపోయింది. ఇంటికి పిలిచి బట్టలు పెడితే ఆయన ఇంకొక ముక్క చెప్పిపోయాడు. మల్లన్న దగ్గర పిల్లకు పుట్టెంట్రుకలు తీసేదాకా ఆ చోట గడ్డపార దిగకూడదట. పుట్టెంట్రుకలు మూడో ఏట తీయాలని వాళ్ల మొక్కు.

పాప నడక నేర్చే వేళకు శేషారత్నం పడకగది కప్పుమీద అరచేయంత మచ్చ పడింది. ఆవిడ ముందు వాన చెమ్మ అనుకుంది. వానలు పోయాయి, మచ్చ పోలేదు. పెద్దదై, నల్లబడి, ఒకరోజు బొట్లు బొట్లుగా కారడం మొదలుపెట్టింది. పైన స్నానాలు చేసినప్పుడే కారుతోందని ఆవిడ తొందరగానే గమనించింది. బకెట్టు పెట్టింది. మంచం జరిపింది. గోడకున్న స్విచ్చి ముట్టుకుంటే జిల్లుమన్నది, దానికి టేపు అంటించింది. పైకి వెళ్లి చెబితే సుస్మిత "చూస్తమాంటీ" అన్నది. ఒకనాటి పొద్దున ఆవిడ వంటింట్లో పాలు కాచుకుంటుంటే పెచ్చు ఊడి సరిగ్గా దిండుమీద పడింది. స్టవ్వు ఆర్పి, ఆ పెచ్చును కొంగులో వేసుకొని, తిన్నగా అంజయ్య దగ్గరకు వచ్చింది.

"నా ఇల్లు మీ జిమ్మ అన్నారు, అన్నయ్యగారూ" అంది. కొంగులోని పెచ్చు తీసి ఆయన ముందు పెట్టింది.

అంజయ్యకు తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్లుగా నిలబెట్టుకొచ్చిన పేరు, తోట పోయినా పోనిది అదొక్కటే. అదే రోజు సాయంత్రం కింద కార్లు నిలిపే చోట అందర్నీ పిలిచాడు. కుర్చీలు వేయించి, రచ్చబండ మీద కూర్చున్నట్టే మధ్యలో కూర్చున్నాడు. ప్లంబరు సిద్దయ్యను కూడా పిలిపించాడు.

"పైనుంచి చూస్తే ఏడ కారుతాందో తెల్వది" అన్నాడు సిద్దయ్య. "టైల్సు ఊడగొట్టాలె, కింద పోసిన మట్టి తియ్యాలె, గప్పుడు పైపు చూడాలె."

"తియ్యొద్దు" అంది సుస్మిత పాపను గట్టిగా పట్టుకొని. "పుట్టెంట్రుకలయ్యేదాక ముట్టద్దన్నరు. వచ్చే ఏడు తీపిస్తం. తెల్లారే బాగుచేపిస్తం."

"మీ పాప నాకు మాత్రం ముద్దు కాదా అమ్మా?" అంది శేషారత్నం. "టీకాల తేదీలన్నీ నేనే కదా గుర్తుచేశాను! కానీ మీరు పోసుకున్న నీళ్లు నా మంచం మీద పడుతున్నాయి. ఏడాదిపాటు నేనెక్కడ పడుకోను?"

అభిలాష్‌కు కోపం వచ్చింది. "అసలు స్లాబు మంచిగేస్తే ఎందుకు కారుతదాంటీ? అది బిల్డర్ తప్పు. ఆయన్ని పట్టుకురాండ్రి."

అంజయ్య గొంతు సవరించుకున్నాడు. ఇలాంటి తగవులు ఆయన ఎన్ని తీర్చలేదు!

"ఆడు లేడు, ఆని ముచ్చట ఇడిసిపెట్టు. కారేది నీ ఇంట్లకెళ్లి. నువ్వే బాగుచేపియ్యాలె. కింద ఎవలుంటరో సూడకుండ, అడగకుండ బాత్రూం జరిపితివి..."

"అడగకుండనా?" అభిలాష్ కుర్చీలోంచి లేచాడు. "మిమ్మల్నే అడిగినం గదా అంకుల్! మీ తీగ కిందనే కూసోని అడిగినం. ఎవలేమన్నా నా జిమ్మ అన్నరు. కింది ఆంటీకి నేను చెప్త అన్నరు."

అప్పుడు గుర్తొచ్చింది అంజయ్యకు. తీగ కింద ఏడుస్తున్న సుస్మిత, లోపలినుంచి జయమ్మ అన్న మాట, తాను "తియ్యి" అనడం, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. శేషారత్నం ఆయనవైపు తిరిగింది.

"మీకు ముందే తెలుసా అన్నయ్యగారూ? నాకు చెబుతానన్నారా?"

ఒక ఇల్లు పొడిగా ఉంచుతానని ఒకరికి, దాని నెత్తిన నీళ్లు పెట్టుకొమ్మని ఇంకొకరికి, రెండు చేతులా రెండు మాటలిచ్చాడు. పైది తవ్వితే ఒక మాట పోతుంది, తవ్వకపోతే రెండోది పోతుంది. కుర్చీల్లో వాళ్లంతా ఆయన ముఖమే చూస్తున్నారు. ఏదో ఒకటి అనాలి. అన్నాడు.

"చెల్లె, నువ్వు కిందికి రా. పుట్టెంట్రుకలయ్యేదాక నా ఇంట్ల ఉండు. నేనూ జయమ్మా పోయి నీ ఇంట్ల ఉంటం. ఇగ లొల్లి లేదు. నా జిమ్మ."

"పటేలంటే పటేలే" అన్నారెవరో. అభిలాష్ మెత్తబడి కూర్చున్నాడు. అందరికీ ప్రాణం లేచొచ్చింది. ఒక్కరికి తప్ప.

"నన్నడిగినవా అయ్యా?"

జయమ్మ గడపలో నిలబడి ఉంది. చేతికి ఇంకా మట్టి ఉంది, తీగకు గొప్పు తవ్వి వచ్చినట్టుంది. ఆమె నలుగురిలో మాట్లాడడం అక్కడెవరూ చూసి ఎరగరు.

"లింగానికి నీళ్లు నీ జిమ్మ అన్నవ్. మోసింది నేను. నా మెడ ఇయ్యాల్టికీ తిరుగది, ఎరుకేనా నీకు? ఎవల ఇంట్ల పెండ్లయినా బువ్వ నీ జిమ్మ అంటివి. పొయ్యి కాడ కూసున్నది నేను. నువ్వు నోటితోని అంటవ్, నేను ఒంటితోని మొయ్యాలె. గీ జానెడు మట్టి నేను అడిగి తీసుకున్న. దీన్ని గూడ జిమ్మల కలిపేస్తివా?"

అంజయ్య ఏదో అనబోయాడు. ఆమె ఆగలేదు.

"శేషక్కా, నువ్వు రా. నా పక్కన పండు. ఏడాదైనా ఉండు, నాకేం బరువు గాదు. నేను మాత్రం గీ ఇల్లు ఇడువ. జిమ్మ అన్నోడే పోయి గా నీళ్ల కింద పంటడు."

అంజయ్య వెళ్లాడు. వెళ్లక ఏం చేస్తాడు, అన్నది ఆయనే కదా! ఒక చాప, దుప్పటి పట్టుకొని మెట్లెక్కి, శేషారత్నం పడకగదిలో మకాం పెట్టాడు. మొదటిరోజు రోషంతో పడుకున్నాడు. ఆడదానికి నలుగురిలో అంత నోరేమిటని లోపల ఉడికిపోయాడు. రెండోరోజుకు ఆ రోషం తడిసిపోయింది. చాప ఎటు జరిపినా బొట్టు వెతుక్కుంటూ వచ్చేది. గదంతా సబ్బు కంపు, బూజు కంపు. బకెట్టు నిండితే మోసుకెళ్లి పారబోయాలి. ఆ గది నుంచి ఈ గదికి మోయడానికే నడుము పట్టేసింది. బావి నుంచి తోట చివరికి ఎంత దూరమో అప్పుడు ఆలోచించాడు. ఆమె మెడకు ఉప్పు మూట పెట్టుకున్నప్పుడు "ఏం గాలె" అన్న మాటను ఎంత తేలిగ్గా నమ్మేశాడో గుర్తొచ్చి సిగ్గుపడ్డాడు. ఇంత వయసొచ్చాక అంత సిగ్గు రావడం ఆయనకే కొత్తగా ఉంది.

తిండి శేషారత్నం చేత వచ్చేది. జయమ్మ పైకి రాలేదు. "ఏమన్నా అందా?" అని అడిగితే, శేషారత్నం "కూర వేడిగా ఉందట, చల్లారనివ్వొద్దట" అనేది. అంతే.

అన్నిటికంటే ఆయన్ను పొద్దుటి పూట ఎక్కువ బాధపెట్టేది. పైన ముందు పాప కేరింతలు వినబడేవి. సుస్మిత ఏవేవో కబుర్లు చెబుతూ నీళ్లు పోసేది. పాప పకపక నవ్వేది. ఆ తర్వాత కాసేపటికి బొట్లు పడేవి. ఆ నవ్వు విన్నాక ఎవరిని తిట్టుకోవాలో ఆయనకు తెలిసేది కాదు. దగ్గు పట్టుకుంది. దుప్పటి నోటికి అడ్డం పెట్టుకొని దగ్గేవాడు, పైకి వినబడకూడదని.

చివరికి వినబడింది దగ్గు కాదు. ఒక పొద్దున, పాపకు నీళ్లు పోయడం అయిందో లేదో, గదిలో ధడేలుమని చప్పుడైంది. పెద్ద పళ్లెమంత పెచ్చు ఊడి అంజయ్య భుజాన్ని రాసుకుంటూ చాపమీద పడి ముక్కలైంది. సుస్మిత తడి చేతులతోనే మెట్లు దిగి పరుగెత్తుకొచ్చింది. ఇన్నాళ్లూ ఆమె ఆ గదిలో ఒక్కసారి కూడా అడుగుపెట్టలేదు. కప్పులో తుప్పుపట్టిన ఇనుప చువ్వలు బయటపడి ఉన్నాయి. కింద ముసలాయన ఒంటిమీది సున్నం దులుపుకుంటూ పెచ్చు ముక్కలు ఏరుతున్నాడు.

"ఏం గాలె బిడ్డా, నువ్వు పో" అన్నాడాయన. ఆ మాట ఎవరిదో నోట్లోంచి వచ్చాకగానీ తెలియలేదు.

సుస్మిత కప్పువంక చూసింది. "ఆంటీ ఉండంగ పడితే?" అంది తనలో తాను. కళ్లు తుడుచుకొని పైకి వెళ్లిపోయింది. పై ఇంట్లో మొగుడూ పెళ్లాలకు ఆ రోజు పెద్ద రభసే జరిగింది. మరునాడు గడ్డపార పట్టుకొని రమ్మని సిద్దయ్యకు ఆమే కబురు పెట్టింది.

సిద్దయ్య వచ్చేసరికి పాప ఒళ్లు వెచ్చగా ఉంది.

"చూసినవా! ముట్టకముందే ఇట్లయితాంది. ఒద్దు సుస్మితా, ఇంకెన్ని నెలలని?" అభిలాష్ బాత్రూం గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. అతని ముఖంలో మొండితనం లేదు, భయం ఉంది. రెండుసార్లు పోగొట్టుకున్న తండ్రి అతను.

సుస్మిత ముఖమూ పాలిపోయింది. కొట్టమనలేక, వద్దనలేక పాపను భుజాన వేసుకొని అటూ ఇటూ చూసింది. కబురందుకొని అంజయ్య అప్పటికే వచ్చి నిలబడ్డాడు. ఆయన వెనక శేషారత్నం, ఇంకా వెనక, మెట్ల మొదట్లో, జయమ్మ. తీగ వదిలి ఆమె రెండో అంతస్తుకు రావడం అదే మొదలు.

"పెద్దనాయినా" అంది సుస్మిత, "పిల్లకేం గాదు గదా? మీరొక్కమాట అనుండ్రి, కొట్టిస్త."

ఆ మాట అంజయ్య నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క మాటేగా! అంటే పిల్ల తల్లికి ధైర్యం వస్తుంది, శేషారత్నానికి ఇల్లు వస్తుంది, తనకు పేరు వస్తుంది. నోరు తెరిచి, జయమ్మ వంక చూశాడు. ఆమె మెట్లెక్కి వచ్చిన ఆయాసంతో మెడమీద చెయ్యి వేసుకొని నిలబడి ఉంది, అంతే. ఆయన ఆ మాటను మింగేశాడు.

"నాకు తెల్వది బిడ్డా" అన్నాడు. "అది నా చేతుల లేదు. నేనెట్ల జెప్త?"

జన్మలో ఆయన అనని మాట అది. సుస్మిత కళ్లు ఒక్కసారిగా నిండాయి. అభిలాష్ తల దించుకున్నాడు. సిద్దయ్య గడ్డపారను గోడకు ఆనించి, ఇక ఇంటికి పోవచ్చేమోనన్నట్టు చూశాడు.

జయమ్మ ముందుకు వచ్చింది. ఎవర్నీ అడగకుండా సుస్మిత భుజం మీది పాపను తీసుకొని, నుదుటి మీద అరచెయ్యి పెట్టి చూసి, బుగ్గ నొక్కి నోట్లోకి చూసింది.

"దవడపండ్లు వస్తున్నయ్. గందుకే ఒళ్లు కాగుతాంది. అంతేనా శేషక్కా?"

శేషారత్నం కూడా పాప నోరు చూసి తల ఊపింది. జయమ్మ పిల్లను చంకలో సర్దుకుంది. పాప తల ఆమె మెడమీద వాలింది, తిరగని మెడవైపే. ఆమె ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. ఆ నొప్పి అంజయ్య చూశాడు. ఈసారి చూశాడు.

"ఇయ్యాల్టి నుంచి పుట్టెంట్రుకలయ్యేదాక పిల్లకు ఏమొచ్చినా నన్నడుగుండ్రి" అంది జయమ్మ. "పిల్ల నా జిమ్మ. సిద్దయ్యా, కొట్టు."

అభిలాష్ గుమ్మంలోంచి పక్కకు తప్పుకున్నాడు. మొదటి దెబ్బకే టైలు పగిలింది. కిందినుంచి నల్లటి మట్టి, నానిన కంపు బయటికి వచ్చాయి. చప్పుడుకు పాప ఉలిక్కిపడి ఏడుపందుకుంది. సుస్మిత చెవులు మూసుకొని గోడకు ఆనుకుంది. జయమ్మ పిల్ల వీపు తడుతూ, కదలకుండా అక్కడే నిలబడింది.

అంజయ్య దగ్గరకు వెళ్లి రెండు చేతులూ చాచాడు. "నాకియ్యి. నీ మెడ..."

"ఉండనియ్యి" అంది జయమ్మ ఆయన ముఖం చూడకుండానే. "బరువైతే ఇస్త."

ఆయన చేతులు దించకుండా ఆమె పక్కనే నిలబడ్డాడు.